మైసూర్ సారు, తెల్లెద్దు, ఒక ఇంగ్లీషు మాట

ఒక ఇంగ్లీషు మాటకు అర్థం తెలుసుకునేటందుకు నాకు ఒక ఎద్దు కావలసి వచ్చింది. మా క్లాసుల మిగతావాళ్ళందరికీ డిక్షనరీ సరిపోయింది. ముందే ఒప్పుకుంటే మంచిది గనుక ఒప్పుకుంటున్న: ఈ కథల తెలివి తక్కువది ఎద్దు కాదు. దాని మొహం చూసి చాలామంది పొరబడ్డరు. నా మొహం చూసి ఎవ్వరూ పొరబడలె.

మొన్న మా మనుమరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఏదో ఉద్యోగానికి ఇంటర్వ్యూ, బయట కుర్చీల కూర్చుని తన పేరు పిలిచేదాక నాతోని మాట్లాడుతుంది.

"తాతా, చాల అన్‌నర్వింగ్‌గ ఉంది."

"భయమైతుందా బిడ్డా?"

"భయం కాదు తాతా. అదేదో... ఫోన్‌ల కొట్టి చూడు, అర్థం వస్తది."

పెట్టేసినంక కొట్టి చూసిన. ధైర్యం చెదురుట, కలవరపడుట, నిబ్బరం కోల్పోవుట అని ఫోన్ వరుసగ చూపింది. అన్నీ నిజమే. ఒక్కదాంట్ల కూడ ఎద్దు లేదు.

మా ఇంట్ల తెలుగు, బీదర్ బజార్ల దక్కనీ, బడిల కన్నడం. ఒక్క పొద్దుల మూడు భాషలల్ల తిట్లు తినే సౌకర్యం మాకు ఉండె. అవ్వ తెలుగుల తిట్టి పంపితే, దారిల సైకిల్‌ దుకాణం చాచా దక్కనీల అందుకునేటోడు, బడికి చేరంగనే హెడ్‌మాస్టరు కన్నడంల ముగించేటోడు. అప్పుడు మాది మైసూరు రాష్ట్రం. మైసూరు ఎక్కడుందో మాలో ఎవ్వరూ చూడలె. మ్యాపుల చూస్తే మేము పైన గోడకు కొట్టిన మేకు లెక్క ఉండేటోళ్ళం, మైసూరు కింద నేల మీద ఉండేది.

ఆ కింది నుంచి ఒక ఇంగ్లీషు సారు వచ్చిండు. బీదర్‌కు బదిలీ అంటే ఆ దిక్కు ఉద్యోగస్తుల ఇండ్లల్ల ఏడ్పులు అయ్యేటివట. సారు మాత్రం ఒక ఇనుప పెట్టె, ఒక గొడుగు, ఒక ఇత్తడి కాఫీ గిన్నె తీసుకుని ఒక్కడే దిగిండు. పొద్దుగాల ఆయన కిరాయి ఇంటి ముందట నుంచి పోతే మాడినట్టు, కమ్మగ, చేదుగ ఒక వాసన వచ్చేది. మాది చాయ్ ఊరు. నా పక్కన కూర్చునే టాంగావాలా కొడుకు ముక్కు ఎగబీల్చి తేల్చేసిండు.

"దవాయి హై రే. సాబ్ బీమార్ హై."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఇంటి ముందట మేమంత మెల్లగ నడిచినం, పాపం రోగి మేలుకుంటడని.

కని ఆయన నోరు తెరిస్తే రోగమంత మాకే. నల్ల కోటు, తెల్ల ధోతి, వెండి ఫ్రేము అద్దాలు. గొంతు ఎప్పుడూ పెంచలె. కోపం వస్తే ఇంకింత తగ్గించేటోడు, మేమంత ముందుకు వంగి తిట్లు వినాల్సి వచ్చేది. ఆయన ఇంగ్లీషు మాట్లాడుతుంటే కిటికీల కూర్చున్న పావురాలు కూడ మెడ కదిలించేటివి కావు. మా ఊరి గుట్ట మీద నుంచి బీదర్ కోట బురుజులు మొదటిసారి కనబడ్డప్పుడు నాకు ఏమైందో, ఆయన పాఠం మొదలుపెడితే అదే అయ్యేది: నోరు తెరుచుకునేది, మూయాలన్న సంగతి యాదికి వచ్చేది కాదు.

విమానాలు అప్పుడే కొత్త. బీదర్ బయట మిలిట్రీవాళ్ళు విమానాలు నేర్చుకునే మైదానం ఏర్పడ్డది. పాఠం నడుస్తుండంగ నెత్తి మీది నుంచి ఒకటి పోయేది. సారు మాట మధ్యల ఆపి, బల్ల మీద అరచెయ్యి గట్టిగ ఆనించి, అది పోయేదాక కదలకపోయేటోడు. విమానానికి మర్యాద ఇస్తుండని మేమనుకున్నం. మేము కూడ లేచి నిలబడ్డం ఒకసారి.

ఒకనాడు పాఠంల ఆ మాట వచ్చింది. అన్‌నర్వ్డ్. సారు నల్లబల్ల మీద రాసి, మా దిక్కు తిరిగి, కన్నడంల చెప్పిండు.

"భయం వేరే, ఇది వేరే. పులి ఎదురొస్తే భయం. పులి లేదు. ఇంటి ముందట నిలబడ్డవు, చేతిల తాళంచెవి ఉంది, అది తాళంల పడతలేదు. నీ చెయ్యి నీ మాట వింటలేదు. అది ఇది."

ఆగి, అద్దాలు తీసి తుడుచుకున్నడు.

"ఇంకొకటి. పిరికివాని గురించి ఈ మాట వాడొద్దు. వానికి వేరే మాటలు చాల ఉన్నయి. నిబ్బరంగ ఉండేవాని గురించి వాడాలె. వాడు పారిపోలేదు, నిలబడే ఉన్నడు. లోపల మాత్రం ఏదో జారింది. వెనుక ‘బై’ పెట్టి, దేని వల్లనో చెప్పాలె."

నాకు ఆ ‘బై’ తప్ప ఏమీ ఎక్కలె. తలా ఒక వాక్యం చెప్పమన్నడు. టాంగావాలా కొడుకు లేచి, వాళ్ళ నాయిన గుర్రం బస్సును చూసి అన్‌నర్వ్డ్ అయిందని ఇంగ్లీషుల చెప్పిండు. సారు ఆ పొద్దు మొదటిసారి నవ్విండు. "గుడ్" అన్నడు.

ఆ గుడ్ నా గుండెల గుచ్చుకున్నది. వాని గుర్రం బక్కది, ఒక కన్ను సరిగ్గ కనబడది. దానికి గుడ్ వచ్చిందా? నేను లేచిన. మా ఎద్దు ఏరోప్లేనుకు కూడ అన్‌నర్వ్డ్ కాదని చెప్పిన. వాక్యంల వ్యాకరణం తప్పు లేదు. తప్పంత నిజంలనే ఉంది.

సారు కనుబొమ్మ లేచింది. "అట్లనా? ఎక్కడుంది ఆ ఎద్దు?"

"మా ఊర్ల సార్. రెండు కోసుల దూరం. ఏరువాక పున్నమికి తోరణం కింద మొదలు పోయేది అదే సార్. మీరు రావాలె సార్."

ఆఖరి మాట నా నోట్ల నుంచి ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు. పెద్దోళ్ళను పండుగకు పిలవాలె అని అవ్వ నేర్పింది, నోరు అలవాటు ప్రకారం పిలిచేసింది.

"వస్త" అన్నడు సారు. "అట్లాంటి ఎద్దును నేను చూడాలె."

ఇక అసలు సంగతి. నాయిన కొలువు గుల్బర్గ దిక్కు, అమ్మ ఆయన దగ్గరనే. నేను మా ఊర్ల తాత, అవ్వల దగ్గర ఉండి బడికి నడిచేటోణ్ణి. మా ఇంటి ముందట కొట్టంల రెండెద్దులు. ఒకటి ముసలి ఎర్రెద్దు, రెండోది పడుచు తెల్లెద్దు. తెల్లెద్దు నాకు తమ్ముని లెక్క. నేను జొన్న దంటు నమిలి సగం ఇస్తే తినేది, ఇయ్యకపోతే నా చొక్కా తినేది. ఎండకాలం మధ్యాహ్నం దాని మెడ కింద తోలు పట్టుకుంటే సల్లగ ఉండేది. గడ్డి వాసన, మూత్రం వాసన, దాని ఊపిరి వేడి — ఇప్పటికీ ఎవరన్న నన్ను తమ్ముడు అంటే ఆ వాసనే ముందు వస్తది.

విమానం మొదటిసారి మా చేన్ల మీదికి వచ్చిననాడు అవ్వ దండం పెట్టింది. మళ్ళొచ్చిననాడు తిట్టింది. ఆ తర్వాత వచ్చిననాడు తల గూడ ఎత్తకుండ పొయ్యి మీది ఎసరు చూసుకున్నది. మనుషులకు అట్ల అలవాటైంది. తెల్లెద్దుకు కాలె. ఒకపారి గుంటుక తోలుతుంటే నెత్తి మీద అది గర్జించింది. ఎద్దు గుంటుకతో సహా వాగు దాక ఉరికింది. తాత మోకాలు చీరుకపోయింది. అప్పటికెంచి నెత్తి మీద ఏది ఉన్నా దానికి బెదురే. చెట్టు కొమ్మ, ఆరేసిన చీర, గుడిసె చూరు. అవ్వ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ఎద్దు తాయెత్తును కూడ చూసి బెదిరింది.

ఈ సంగతి ఊర్ల తెలిసింది. పున్నమికి పది పన్నెండొద్దుల ముందట పెద్ద పటేలు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నడు. మాకు పాలివాడే, తాత కంటే చిన్నోడు, మీసాలు మాత్రం పెద్దయి.

మా దిక్కు ఆ పండుగ ఎట్లుంటదో చెప్పాలె. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొద్దు గూకే ముందట ఊరి బయటికి తోలుక పోతరు. ఊరి గవినికి, అంటే ఊర్లకు వచ్చే రాతి దర్వాజకు, వేపాకు, మోదుగాకు కట్టిన తాడు అడ్డంగ కడుతరు. మొదటి ఎద్దు ఆ తోరణాన్ని కొమ్ములతోని తెంపుకుంట ఊర్లకు రావాలె. తనంతట తాను రావాలె. ఎవ్వరూ పగ్గం పట్టొద్దు, ఎనుక నుంచి కొట్టొద్దు. తెల్లెద్దు తెంపితే తెల్ల పంట, జొన్నలు పండుతయని నమ్మిక. మొదటి ఎద్దు మా ఇంటిది అయ్యుండుడు తాత వాళ్ళ తాత నాటికెంచి ఉన్న మర్యాద.

"బెదురు గొడ్డును ముందట పెడ్తవా అన్నా?" అన్నడు పటేలు. "గవిని కాడ మర్లితే ఊరంత విత్తనం ఎట్ల ఎయ్యాలె?"

"మర్లది" అన్నడు తాత.

"మర్లితే?"

తాత కొట్టం దిక్కు చూసిండు.

"మర్లితే ఒక్కటే మాట. తెల్లారి హుమ్నాబాద్ సంతకు తోలాలె. అటువంటి గొడ్డు ఊర్లె ఉండొద్దు. పెద్దమనుషులంత అనుకున్నం. లేదా ఈయేడు ముందు మొకం మా కొట్టానికి ఇడువు. ఎద్దు నీకుంటది, మర్యాద మాకుంటది."

"తోరణం కింద నా ఎద్దే పోతది" అన్నడు తాత. "మర్లితే సంతకు తోలుత."

ఆ రాత్రి అవ్వ జొన్నరొట్టె, పుంటికూర పెడితే తాత రొట్టె చుట్టూర వేలు తిప్పిండు తప్ప తుంచలె. సంతల బెదురెద్దును ఎవరు కొంటరో నాకు తెలుసు. పొలానికి కొనరు.

నేను ఎద్దును బాగుచెయ్యాలనుకున్న. కిరసనాయిలు డబ్బాల గులకరాళ్ళు పోసి, రెండు చేతులకు రెండు చాటలు కట్టుకుని, నోటితోని గుర్రుమంట కొట్టం చుట్టూర విమానం లెక్క ఉరికిన. రోజూ ఇట్ల చేస్తే అలవాటైతదని నా శాస్త్రం. పొదుగుతున్న కోడి గుడ్లు ఇడిసి గోడ దుంకింది. అవ్వ చేతిల చల్ల కుండ జారింది. ఎర్రెద్దు మాత్రం నెమరేసుకుంట కదలకుండ ఉంది. దాని ధైర్యం చూసి నాకు ఆశ్చర్యమైంది, దానికి చెవుడని తర్వాత తెలిసింది. తెల్లెద్దు నన్ను చూసి గోడకు ఒరిగి వణికింది.

"సచ్చినోడా, చాటలు దింపు" అన్నది అవ్వ. "ఎద్దు సంగతి దేవుడెరుగు, ముందుగాల నేను పోయేటట్టున్న."

తాత వచ్చి చాటలు విప్పిండు. కొట్టలె.

"బెదిరినదాన్ని బెదిరించి బాగుజేస్తరా బిడ్డా? దా, కూసో."

తెల్లెద్దు దగ్గర కూర్చుని, దాని మూపురం నిమురుకుంట తాత మాట్లాడుడు మొదలుపెట్టిండు. మెల్లగ, ఎక్కడా ఆగకుండ. నిన్నటి కూర, మొన్న పోయిన చుట్టం, వాగుల చేపలు, అవ్వ చిన్నప్పటి కోపాలు.

"దానికి అర్థమైతదా తాతా?"

"మీ అవ్వకే కాలె నేను చెప్పేది. గొడ్డుకు అర్థంతోని ఏం పని? మాట తెగొద్దు, అంతే. మాట నడుస్తుంటే ఎవడో తోడున్నడని ఉంటది దానికి."

పున్నమినాటికి ఎద్దు చూరు కిందికి వచ్చేది, తాత మాట్లాడుతుంటే. ఆపితే ఆగిపోయేది. గవిని కాడ తాత ఉండేది వెనుక. అక్కడ తోడు నడిచేటోడు ఉండడు.

పండుగనాడు పొద్దుగాల్నే వాగుల ఎద్దులను తోమినం. కొమ్ములకు ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. మెడల గజ్జెలు. ఇల్లంత భక్ష్యాల వాసన, ఉడికిన శనగపప్పు, బెల్లం, యాలకులు, పెనం మీద నెయ్యి. పప్పు వార్చిన కట్టుతోని చారు కాచి అవ్వ పోపు ఏస్తే వీధి వీధంత తుమ్మింది.

సారు వస్తడని నేను నమ్మలె. కిరాయి సైకిల్ మీద, ధోతి కాలికి క్లిప్పు పెట్టుకుని, అదే నల్ల కోటుతోని వచ్చిండు. ఎండకు మొహం కందిపోయింది. తాత కాళ్ళకు నీళ్ళిచ్చి "దండం సారూ" అన్నడు. అవ్వ ఆయనను ఎగాదిగ చూసింది.

"గిదేందిరా, సారంటే గింత సన్నగున్నడు? పెండ్లాం వండి పెడతలేదా?"

సారుకు తెలుగు రాదు. నేను తర్జుమా చేసిన: "బీదర్ ఎట్లుంది అని అడుగుతుంది సార్."

"నీళ్ళు బాగున్నయని చెప్పు" అన్నడు సారు.

నేను అవ్వకు చెప్పిన: "ఆమె రాలేదట. మైసూర్లనే ఉందట." ఎందుకట్ల చెప్పిన్నో తెల్వదు. అది నిజమని మాత్రం మా బడిల అందరికీ తెలుసు. అవ్వ ఆయన విస్తరిల ఇంకో భక్ష్యం ఏసి, దాని మీద నెయ్యి పోసి, అది ములిగేదాక చెయ్యి తియ్యలె.

తిన్నంక సారు కొట్టం దిక్కు చూసిండు. తెల్లెద్దు లేచి నిలబడ్డది. కొమ్ములు ఆయన అద్దాల కంటే ఎత్తుల ఉన్నయి. సారు ఇంగ్లీషుల ఏదో అన్నడు, నాతోని కాదు. కన్నడం మనిషి ఒంటరిగ ఇంగ్లీషు మాట్లాడితే ఆయన గుండె కొట్టుకుంటుందని అప్పటికి నాకు తెల్వదు.

గవిని కాడికి నడుస్తుంటే నాకు ఆగలె. "సార్, ఎద్దు బెదుర్తది సార్. నేను అబద్ధం చెప్పిన. ఈ పొద్దు మర్లితే రేపు సంతకు తోలుతరు."

సారు నడక ఆపలె. కొంచెం దూరం పోయినంక అడిగిండు: "తోరణానికి బెదుర్తదా, విమానానికా?"

"నెత్తి మీద ఏది ఉన్నా సార్."

"ఊఁ" అన్నడు. ఆ ఊఁ తిట్టు లెక్క లేకుండె.

గవిని బయట ఎద్దుల వరుస. ముందట మాది. పగ్గం ఒక దిక్కు తాత, ఒక దిక్కు నేను. డప్పులు మోగుతున్నయి. గడప రాయి మీద కొబ్బరికాయ కొట్టినంకనే ఎద్దును ఇడవాలె. పటేలు కాయ తెచ్చి సారు చేతిల పెట్టిండు.

"సదువు చెప్పే అయ్యగారు వచ్చిండు. ఆయన చేతనే కొట్టియ్యుండ్రి" అన్నడు, మీసం సవరించుకుంట. మర్యాదకే అన్నడు, ఇంకో సాక్షి దొరికిండని గూడ అన్నడు.

సారు వంగి కాయ కొట్టిండు. ఒక చిప్ప దేవునికి పెట్టి, ఒక చిప్ప చేతిల పట్టుకుని లేచిండు. తాత, నేను పగ్గాలు ఇడిసినం. అప్పుడు వచ్చింది విమానం.

కోట దిక్కు నుంచి వచ్చింది, కిందికి, బాగ కిందికి. పడమటి పొద్దు దాని రెక్కల మీద పడి మా అందరి మొహాల మీదికి ఎగిరింది. అంత అందమైనది, అంత పెద్ద చప్పుడుతోని, నేను మళ్ళ చూడలె. డప్పులు ఆగినయి. గవినిల నిలబడ్డోళ్ళంత రెండు దిక్కుల గోడలకు అతుక్కున్నరు. నడుమ దారి ఖాళీ అయింది. తెల్లెద్దు వీపు మీద తోలు నీళ్ళ లెక్క కదిలింది. కండ్లల్ల తెలుపు కనబడ్డది. అది సగం తిరిగింది. వెనుక పటేలు దగ్గు వినబడ్డది.

గవిని నడుమ ఒక్క సారే మిగిలిండు. ధైర్యంతోని కాదు. ఆయన కాళ్ళు ఆయన మాట వినలె. చేతిల కొబ్బరిచిప్ప గడగడ వణుకుతుంది, దాంట్ల నీళ్ళు కోటు మీద పడుతున్నయి. ఎద్దు తల తిప్పి ఆయనను చూసింది. ఆయన ఎద్దును చూసిండు. ఇద్దరి మొహాలు ఒక్క తీరుగ ఉన్నయి.

నేను అరుద్దామనుకున్న, పక్కకు జరగమని. అంతలనే సారు పెదవులు కదిలినయి.

"గో, వెంట్, గాన్."

మేము రోజూ వల్లించే పాఠం. అదే గొంతు, పెంచకుండ, తగ్గించకుండ. ఆయనకు ఆ నిమిషంల ఇంకేమీ గుర్తుకు రాలేదనుకుంట.

"కమ్, కేమ్, కమ్. స్టాండ్, స్టుడ్, స్టుడ్."

ఎద్దు చెవులు రెండూ ఆయన దిక్కు తిరిగినయి. సారు ఒక అడుగు వెనుకకు వేసిండు, రాయి తగిలి తూలి, మళ్ళ నిలదొక్కుకున్నడు. మాట తెగలె. "గివ్, గేవ్, గివెన్." ఎద్దు ఒక అడుగు ముందుకేసింది. ఆయన ఇంకొకటి వెనుకకు. విమానం చప్పుడు దూరమైంది. ఆ రాతి గవినిల ఇంగ్లీషు క్రియలు ఒక్కొక్కటి గోడలకు తగిలి తిరిగొస్తున్నయి, గుడిల మంత్రం లెక్క. ఆయన ధోతి అంచు వణుకుతుంది, గొంతు మాత్రం వణకలె. ఎర్రకొమ్ముకు తాడు తగిలింది, సాగింది, తెగింది. వేపాకులు ఎద్దు మొహం మీద, సారు అద్దాల మీద రాలినయి. ఎద్దు ఊర్లకు వచ్చి, ఆయన చేతిల కొబ్బరి వాసన చూసి, తినేసింది.

డప్పులు ఒక్కసారి అందుకున్నయి.

పటేలు ఊరుకుంటడా? "కొబ్బరి చూపి పిలిచిండు. అది లెక్కకు రాదు" అన్నడు.

"చిప్ప సారు చేతిల పెట్టింది నువ్వేగద పటేలా" అన్నడు తాత, అంతే.

ఇంటికి తెచ్చి కూర్చోబెడితే సారు చల్ల గిలాస పట్టలేకపోయిండు. సగం కోటు మీద పడ్డది. అవ్వ గిలాస గుంజుకుని, గడ్డం కింద కొంగు పెట్టి, పసిపిల్లవానికి తాపినట్టు తాపింది. అంత పెద్ద సారు తలవంచి తాగిండు. తాగినంక నా దిక్కు చూసిండు, చేతులు ఇంక వణుకుతనే ఉన్నయి, దాచుకోలె.

"నీ వాక్యం ఇప్పుడు సరిజేసుకో" అన్నడు.

ఆ వాక్యం నేను క్లాసుల ఎన్నడూ చెప్పలె. ఎవరి పేరు పెట్టి చెప్పాలె? చెయ్యి వణికినా గొంతు నిలిపినోని గురించే వాడాల్సిన మాట అని ఆయన ముందే చెప్పిండు. నేను అప్పుడు ‘బై’ మీద ఉన్న.

ఊర్ల మూడు తీర్ల చెప్పుకున్నరు. అవ్వ పోయేదాక కొబ్బరే అన్నది. ఊరోళ్ళంత, ఆ ఎద్దుకు ఇంగ్లీషు వస్తదన్నరు. తాత మాత్రం ఒక్కసారే అన్నడు, బీడీ ముట్టించుకుంట: "ఇద్దరికీ కాళ్ళు ఆడలె. ఒకరి మాట పట్టుకుని ఇంకొకరు దాటిన్రు."

సారు తర్వాతి యేడు మళ్ళ కిందికి బదిలీ అయి పోయిండు. పోయేనాడు ఆయన పెట్టె టాంగాల పెడుతుంటే మాకు ఆ కాఫీ వాసన దవాయి కాదని తెలిసింది, గిన్నె కడిగి పొట్లం కట్టింది మేమే. గవిని బస్సు బాట కోసం కూల్చిన్రు. ఇప్పుడు మా ఊర్ల ఏరువాక పున్నమికి ట్రాక్టరు కడిగి బొట్టు పెడుతరు, అది దేనికీ బెదరది, తోరణం తెంపినట్టు దానికి తెల్వనే తెల్వదు. విమానాలు ఇప్పటికీ పోతున్నయి. పిల్లలు తల ఎత్తరు. నాకు మాత్రం అట్ల నోరు తెరుచుకునేటివి ఇప్పుడు ఎక్కడా దొరుకుతలేవు.

ఇక పటేలు సంగతి మిగిలింది.

మిరుగు కార్తె వానలు పడ్డయి. విత్తనం ఎయ్యాల్సిన వారంల పటేలు ఎద్దు ఒకటి కాలు బెణికి పడుకున్నది. సంతకు తోలమన్న నోటితోనే వచ్చి మా తెల్లెద్దును అడిగిండు. తాత "తోలుకపో" అన్నడు. తాత అట్లాంటోడు. నేను అట్లాంటోణ్ణి కాదు.

పటేలు పగ్గం పట్టుకుని, అటిటు చూసి, నన్ను పక్కకు పిలిచిండు.

"అరే, ఇది ఇంగ్లీషుకే కదులుతదంట గదా. ఏమనాల్నో జర చెప్పు."

నా నాలిక మీదికి ముందుగాల సారు మాటే, ఆ ‘అన్‌నర్వ్డ్’, వచ్చింది. చెప్తే దినమంత అదే పట్టుకుని చేను దున్నేటోడు. కని దాన్ని పటేలుకు ఇయ్య బుద్ధి కాలె. అది సంపాదించుకున్నోడు వేరే ఉన్నడు. నా దగ్గర అప్పుడు ఉన్న ఇంగ్లీషుల ఇంకొకటి ఏరి ఇచ్చిన.

"కదలాలంటే ‘గుడ్ మార్నింగ్ సర్’ అనాలె పటేలా. గట్టిగ అనొద్దు, అలుగుతది. కొంచెం వంగి, మర్యాదగ అనాలె."

"తువ్వాల?"

"భుజం మీదికెంచి తీస్తే మంచిది."

ఆ విత్తనాల కాలమంత, పొద్దు పొడవంగ నేను బడికి పోయే బాటల, పెద్ద పటేలు తువ్వాల చంకల పెట్టుకుని, మీసాలు వంచి మా తెల్లెద్దుకు గుడ్ మార్నింగ్ చెప్పుకుంట కనబడేటోడు. నేను నిలబడి చూసేటోణ్ణి. ఎద్దు తొందరపడేది కాదు. నెమరేసుడు అయినంకనే కదిలేది.